ఫ్లాట్ ఫుట్: పిల్లల విషయంలో అనవసర భయం, పెద్దోళ్ళ విషయంలో అనవసర ధైర్యం

కృష్ణాష్టమి రోజు తిరుపతి, చిత్తూరు వైపు చాలా ఇళ్ళల్లో వాకిలి నుంచి దేవుడి గూడు దాకా చిన్ని కృష్ణుడి పాదాలు వేస్తారు. పిడికిలి బిగించి, చిటికెన వేలి వైపు అంచుని బియ్యప్పిండి నీళ్ళలో ముంచి నేల మీద అద్దితే పాదం ఆకారం పడుతుంది, పైన ఐదు చుక్కలు పెడితే వేళ్ళు. అచ్చులో లోపలి వైపు ఒక వంపు పడుతుంది, ఆ పాదానికి అందమంతా ఆ వంపుతోనే. కానీ నిజంగా ఏడాది నిండిన పిల్లోడి కాళ్ళు తడిపి కడప బండ మీద నిలబెడితే ఆ వంపు కనపడదు, మడమ నుంచి వేళ్ళ దాకా నిండుగా ఒకటే మచ్చ పడుతుంది. అంటే ముగ్గులో బాలకృష్ణుడికి మనం పెద్దోళ్ళ పాదాలు వేస్తున్నామన్నమాట.

ముగ్గు సంగతి సరదాకే గానీ ఆ తేడా తెలియకపోవడం వల్ల అయ్యే ఖర్చు మాత్రం సరదా కాదు. జూన్లో స్కూళ్ళు తెరిచి బూట్లు కొనే టైం వచ్చిందంటే "మా అబ్బోడికి అరికాలు చదునుగా ఉంది, స్పెషల్ బూట్లు వేయించాలంట గదా" అనే మాట బూట్ల షాపు నుంచి వాట్సాప్ గ్రూపు దాకా తిరుగుతుంది. అదే ఇంట్లో యాభై దాటిన అమ్మకో అత్తకో ఒక కాలి చీలమండ లోపలికి ఒరిగిపోయి, వాచి, నడక కష్టమవుతుంటే "వయసు గదా" అని నూనె రాసి పడుకోబెడతారు. రెండింటికీ పేరు ఒకటే, ఫ్లాట్ ఫుట్. అసలు గందరగోళమంతా ఆ ఒక్క పేరు దగ్గరే మొదలవుతుంది.

క్లుప్తంగా

- చిన్నపిల్లలకి చదును పాదం ఉండటం ఎదుగుదలలో ఒక దశ. మునివేళ్ళ మీద లేచినప్పుడు వంపు కనిపించి, నొప్పి లేకపోతే వైద్యం అక్కర్లేదు.
- బూట్లు, ఇన్సోల్స్ (బూటు లోపల అరికాలి కింద పెట్టే మెత్తలు) వంపుని పుట్టించవు. నొప్పి ఉన్నోళ్ళకి నొప్పి తగ్గించడానికి పనికి రావచ్చు, అంతవరకే.
- బిగుసుకుపోయిన చదును పాదం, నొప్పి ఉన్న పాదం, ఒక్క కాలే తేడాగా ఉన్న పాదం డాక్టర్ చూడాల్సినవి.
- ముందు బాగుండి పెద్దయ్యాక కూలిపోయే వంపు జబ్బే, తొందరగా పట్టుకుంటే ఆపొచ్చు. షుగర్ ఉన్నోళ్ళకి పాదం వాచి వేడెక్కితే అది అర్జెంటు.

వంపు ఎట్లా నిలబడుతుంది

ఒక్కో పాదంలో 26 ఎముకలు ఉంటాయి, వాటి మధ్య 33 కీళ్ళు. ఇన్ని ముక్కలు ఎందుకంటే పాదం రెండు పనులు చేయాలి, కాలు నేలకి ఆనగానే కొంచెం మెత్తబడి అడుగున ఉన్న గుంటకీ రాయికీ సర్దుకోవాలి, మరుక్షణమే గట్టిపడి ఒంటి బరువంతా ముందుకు నెట్టాలి. మెత్తబడటం, గట్టిపడటం ఈ రెండింటి మధ్య మారే ఏర్పాటే వంపు. అది రాతి వంతెన లాగా ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉండదు, నిలబడితే కాస్త దిగుతుంది, కూర్చుంటే లేస్తుంది, అడుగడుగుకీ దిగుతూ లేస్తూనే ఉంటుంది.

ఈ వంపుని పట్టి ఉంచేవి మూడు. ఒకటి ఎముకల అమరిక. రెండోది వాటిని కట్టి ఉంచే లిగమెంట్లు, వీటిలోకే వచ్చే ఇంకోటి అరికాలి కింద మడమ నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా సాగే దళసరి పట్టీ, ప్లాంటార్ ఫాసియా. మూడోది కండరాలు, ముఖ్యంగా పిక్క లోతుల్లోంచి బయల్దేరి చీలమండ లోపలి గుబ్బ వెనక నుంచి తిరిగి అరికాలి మధ్య ఎముకకి అతుక్కునే టిబియాలిస్ పోస్టీరియర్ అనే కండరం, దాని నరంలాంటి తాడు, అదే టెండన్. పిల్లల్లో కథ ఎక్కువగా రెండోదాని చుట్టూ తిరుగుతుంది, పెద్దోళ్ళలో మూడోదాని చుట్టూ. ఈ ఒక్క ముక్క గుర్తుంటే మిగతాదంతా సులభం.

అరికాలి పట్టీ పనిచేసే తీరు ఇంట్లోనే చూడొచ్చు. బావి గిలక మీద తాడు చుట్టుకుంటే చేద పైకి వస్తుంది కదా, ఇక్కడ బొటనవేలి మొదలు గిలక, పట్టీ తాడు. నిలబడ్డ మనిషి బొటనవేలిని ఇంకొకరు చేత్తో పైకి ఎత్తితే పట్టీ ఆ మొదలు చుట్టూ బిగుసుకుని మడమని ముందుకు లాగుతుంది, వంపు దానంతటదే లేస్తుంది. 1954లో హిక్స్ అనే ఆయన ఈ పద్ధతిని వివరించాడు. చదునుగా కనిపించే పాదంలో కూడా వేలు ఎత్తగానే వంపు లేచిందంటే యంత్రం బాగానే ఉందని, నిలబడ్డప్పుడు తాళ్ళు కాస్త వదులుగా ఉన్నాయని అర్థం.

పిల్లల పాదం చదునుగా ఎందుకు ఉంటుంది

పుట్టిన ప్రతి బిడ్డకీ పాదం చదునుగానే కనిపిస్తుంది. అరికాలి మధ్యలో కొవ్వు మెత్త ఒకటి ఉంటుంది, అది వంపు ఉండాల్సిన చోటుని నింపేస్తుంది. ఎముకల్లో చాలా భాగం ఇంకా మృదులాస్థే, లిగమెంట్లు వదులు. అందుకే నెలల పిల్లలు కాలి వేలు నోట్లో పెట్టుకోగలుగుతారు, అదే వదులుతనం వల్ల నిలబడగానే పాదం నేల మీద పరుచుకుంటుంది. వయసు పెరిగే కొద్దీ కొవ్వు తగ్గుతుంది, కట్లు బిగుస్తాయి, కండరాలు పని నేర్చుకుంటాయి. చాలామందికి 6 ఏళ్ళకల్లా వంపు తేలుతుంది, కొందరికి 10 ఏళ్ళ దాకా పడుతుంది, కొందరికి ఎప్పటికీ పెద్దగా రాదు, అయినా వాళ్ళు పరిగెత్తుతారు, కబడ్డీ ఆడతారు, కొండ ఎక్కుతారు.

ఆస్ట్రియాలో 3 నుంచి 6 ఏళ్ళ వయసు పిల్లలు 835 మందిని కొలిచి 2006లో పీడియాట్రిక్స్ జర్నల్లో వేసిన లెక్కలు ఈ విషయాన్ని బాగా చూపిస్తాయి. 3 ఏళ్ళ పిల్లల్లో 54 శాతం మందికి చదును పాదం, 6 ఏళ్ళ వాళ్ళలో 24 శాతం మందికే. మగపిల్లల్లో 52 శాతం, ఆడపిల్లల్లో 36, ఊబకాయం ఉన్న పిల్లల్లో 62. ఇవన్నీ ఒక ఎత్తు, ఆఖర్న ఉన్న ఇంకో లెక్క ఒక ఎత్తు. నిజంగా జబ్బు అనదగ్గ చదును పాదం ఉన్నది 1 శాతం కంటే తక్కువ మందికి, అప్పటికే ఇన్సోల్స్ వేసుకుని తిరుగుతున్నది 10 శాతం మంది. అంటే అవసరం ఒకరికుంటే కొన్నది పదిమందన్నమాట.

లావుగా ఉన్న పిల్లల్లో ఒక చిక్కు ఉంది. అరికాలి కొవ్వు మందంగా ఉండటం వల్ల తడి అచ్చు నిండుగా పడొచ్చు, లోపల ఎముకల వంపు మరీ అంత దిగి ఉండకపోవచ్చు. అచ్చుని చూసి పాదాన్ని తేల్చేయకూడదని చెప్పడానికి ఇదొక్కటి చాలు.

తడి పాదం అచ్చులో కనపడనిది

బాత్రూంలోంచి తడి కాళ్ళతో వచ్చి నల్ల బండ మీద నిలబడి అచ్చు చూసుకోవడం అందరికీ తెలిసిన పరీక్ష. దాంట్లో తప్పేం లేదు గానీ అది ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది, నిలబడ్డప్పుడు వంపు దిగి ఉందా లేదా అని. తెలుసుకోవాల్సిన ప్రశ్న వేరే, దిగిన వంపు మళ్ళీ లేస్తుందా?

దానికి పిల్లాడిని వెనక్కి తిప్పి నిలబెట్టి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, నేల మీద కూర్చుని వాడి మడమల ఎత్తులో చూడాలి. మామూలుగా నిలబడ్డప్పుడు చీలమండలు లోపలికి వాలి, మడమలు కాస్త బయటికి తిరిగినట్టు ఉంటాయి. ఇప్పుడు "అల్మారా మీద బిస్కెట్ ప్యాకెట్ అందుకో" అన్నట్టు మునివేళ్ళ మీద లేవమనాలి. లేవగానే మడమలు లోపలికి తిరిగి, అరికాలి లోపలి వైపు గుంట పడితే అది మెత్తటి చదును పాదం, డాక్టర్లు ఫ్లెక్సిబుల్ అంటారు. నూటికి తొంభైకి పైన కేసులు ఇవే. వేళ్ళ మీద లేచినా మడమ కదలకుండా బయటికే ఉండిపోయి, అడుగు పలక లాగే ఉంటే అది బిగిసిన పాదం, రిజిడ్. ఆ తేడా ఎక్స్‌రే కంటే ముందు, స్కాన్ కంటే ముందు, ఇంట్లో అర నిమిషంలో తెలిసిపోతుంది. షాపుల్లో రంగు రంగుల స్కాన్ మెషీన్ మీద నిలబెట్టి ఎర్రగా చూపించే బొమ్మ ఉంటుంది చూడండి, అది కూడా నిలబడ్డ పాదం బొమ్మే, తడి అచ్చుకి డబ్బులు కట్టినట్టు.

ఇంకోటి పిక్క బిగుతు. మడమలు నేలకి ఆనించి గొంతుక్కూర్చోలేక వెనక్కి పడిపోయే పిల్లలుంటారు, మడమ వెనక ఉండే పెద్ద తాడు, అకిలిస్ టెండన్ పొట్టిగా ఉంటే అట్లా జరుగుతుంది. రెండో ప్రపంచయుద్ధం టైంలో కెనడా సైన్యంలో 3619 మంది సైనికుల పాదాలు పరీక్షించి 1947లో హారిస్, బీత్ అనే ఇద్దరు డాక్టర్లు ఇచ్చిన రిపోర్టు ఇప్పటికీ అందరూ చెప్పుకుంటారు. వాళ్ళు తేల్చింది ఏందంటే మామూలు మెత్తటి చదును పాదం ఇబ్బంది పెట్టదు, దానికి పొట్టి అకిలిస్ తోడైతేనే నొప్పులు వస్తాయి. అందుకే ఈ రెండో రకానికి గోడకి చేతులు ఆనించి, మోకాలు వంచకుండా, మడమ లేవకుండా పిక్క సాగదీసే వ్యాయామం చెబుతారు, ఖర్చు లేనిదీ అర్థం ఉన్నదీ అదొక్కటే.

బూట్లు వేస్తే వంపు వచ్చిందనే నమ్మకం ఎక్కడిది

ఒకప్పుడు ప్రపంచమంతా డాక్టర్లే బరువైన ప్రత్యేకమైన బూట్లు రాసేవాళ్ళు, లోపలి వైపు మడమ ముందుకు పొడిగించి, లోపల గట్టి దిండు పెట్టి. రెండేళ్ళ పిల్లాడికి వేస్తే ఆరేళ్ళకి వంపు వచ్చేది, తల్లిదండ్రులు దండం పెట్టేవాళ్ళు. వేయకపోయినా వచ్చేదే. కానీ వేయకుండా చూసిన ఇల్లు పక్కన ఉండదు కదా పోల్చుకోవడానికి. పాలపళ్ళు ఊడిపోవడానికి మందు అమ్మినా ఇట్లాగే నూటికి నూరు శాతం పనిచేస్తుంది.

ఈ పోలిక చూడాలనే అమెరికాలో వెంగర్, ఆయన తోటి డాక్టర్లు 129 మంది పిల్లల్ని నాలుగు గుంపులుగా చేశారు. ఒక గుంపుకి ఏమీ లేదు, మామూలు చెప్పులూ బూట్లే. ఒక గుంపుకి సరిచేసే బూట్లు, ఒక గుంపుకి మడమ కింద కప్పు, ఇంకో గుంపుకి కొలత తీసి అచ్చు పోసిన ప్లాస్టిక్ ఇన్సోల్. కనీసం మూడేళ్ళు వాడించి ఎక్స్‌రేలు తీసి చూశారు, చెప్పినట్టు చివరిదాకా చేసినవాళ్ళు 98 మంది. 1989లో ఫలితం వచ్చింది. నాలుగు గుంపుల్లోనూ పాదం మెరుగైంది, ఏమీ వేయని గుంపుతో సహా, గుంపుల మధ్య తేడా లేదు.

ఆ తర్వాత కూడా బూట్ల వాడకం ఆగలేదు, రూపం మారింది అంతే. తోలు బూటు పోయి సిలికాన్ ప్యాడ్, త్రీడీ స్కాన్ చేసిన ఇన్సోల్ వచ్చాయి. 2022లో వైద్య పరిశోధనల్ని కలిపి తూచి చూసే కాక్రేన్ సంస్థ అప్పటిదాకా వచ్చిన 16 ట్రయల్స్, 1058 మంది పిల్లల లెక్కల్ని కలిపి చూసి చెప్పింది కూడా అదే దారిలో ఉంది, నొప్పి లేని మెత్తటి చదును పాదానికి ఖరీదైన కొలత ఇన్సోల్స్ వాడమని చెప్పడానికి ఆధారం లేదు. నొప్పి ఉన్న పిల్లలకి ఇన్సోల్ కొంత ఉపశమనం ఇవ్వొచ్చు, అప్పుడు కూడా రెడీమేడ్ రకం సరిపోయే సందర్భాలే ఎక్కువ. కళ్ళజోడు పెట్టుకుంటే చూపు సరిగ్గా కనిపిస్తుంది, తీస్తే మళ్ళీ మామూలే, కన్ను మారదు కదా. ఇన్సోల్ కథా అంతే, బూటు లోపల ఉన్నంతసేపే దాని పని.

పోనీ ఉపయోగం లేకపోయినా నష్టం లేదు కదా అని వేసేవాళ్ళుంటారు. నష్టం ఉంది. డబ్బు ఒకటి, పిల్లాడికి "నా కాళ్ళల్లో ఏదో లోపం ఉంది" అనే భావన ఇంకోటి. చిన్నప్పుడు సరిచేసే బూట్లు వేసుకున్న పెద్దోళ్ళని అడిగి 1998లో చేసిన ఒక పరిశీలనలో ఆ జ్ఞాపకాలు చేదుగానే బయటపడ్డాయి.

మరి మామూలు స్కూల్ బూటు ఎట్లా ఉండాలంటే, పొడుగాటి వేలికి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ, వెనక మడమ చుట్టూ గట్టి కప్పు, వంచితే వేళ్ళ దగ్గర వంగాలి గానీ నట్టనడుమ కాదు. వచ్చే ఏడాదికి కూడా రావాలని రెండు సైజులు పెద్దవి కొని ముందు గుడ్డ కుక్కే అలవాటు ఉంది మనకి. దాంట్లో పాదం జారుతూ, వేళ్ళు ముడుచుకుని నడక పాడవుతుంది, చదును పాదం కంటే అదే ఎక్కువ ఇబ్బంది.

చెప్పుల్లేకుండా తిరిగిన పాదాలు

ఈ విషయంలో ప్రపంచమంతా ఉదాహరణగా చెప్పుకునే సర్వే మన దక్షిణ భారతంలోనే జరిగింది. రావు, జోసెఫ్ అనే ఇద్దరు డాక్టర్లు 4 నుంచి 13 ఏళ్ళ పిల్లలు 2300 మంది పాదాల అచ్చులు తీసి 1992లో ప్రచురించారు. చెప్పులూ బూట్లూ వేసుకునే పిల్లల్లో చదును పాదం 8.6 శాతం, ఏమీ వేసుకోకుండా తిరిగే వాళ్ళలో 2.8 శాతం. వేసుకునేవాళ్ళలో కూడా వేళ్ళు మూసేసే బూట్ల వాళ్ళకి ఎక్కువ, స్లిప్పర్లు, శాండిల్స్ వాళ్ళకి తక్కువ. మూడేళ్ళ తర్వాత 1846 మంది పెద్దోళ్ళ అచ్చులతో వచ్చిన ఇంకో సర్వేలో, 6 ఏళ్ళ లోపే బూట్లు మొదలెట్టినవాళ్ళలో 3.24 శాతం, 16 ఏళ్ళప్పుడు మొదలెట్టినవాళ్ళలో 1.75 శాతం.

కారణం ఊహించడం కష్టం కాదు. ఉత్త కాళ్ళతో పొలం గట్టు మీద, ఇసకలో నడిచే పిల్లాడి వేళ్ళు నేలని పట్టుకుంటూ ఉంటాయి, అరికాలి చిన్న కండరాలకి పని ఉంటుంది. మూసిన బూటులో వాటికి పని లేదు. కానీ ఈ లెక్కల్ని మరీ సాగదీసి "చెప్పులు తీసేస్తే వంపు వస్తుంది" అని వీడియోలు చేసేవాళ్ళు ఎక్కువయ్యారు, సర్వే చెప్పింది అది కాదు. రెండు రకాల పిల్లల మధ్య తేడా ఉందని చెప్పింది, తీసేస్తే నయమవుతుందని పరీక్షించలేదు. పైగా బూట్లు వేసుకునే గుంపులో కూడా నూటికి తొంభై మందికి పైగా వంపు మామూలుగానే ఉంది. ఇంట్లో, డాబా మీద, శుభ్రమైన మట్టిలో పిల్లల్ని ఉత్త కాళ్ళతో తిరగనివ్వడం మంచిదే, స్కూల్ బాత్రూముల దగ్గర, గాజు పెంకులున్న చోట చెప్పులు ఉండాలి, కొక్కెం పురుగులు అరికాలి చర్మంలోంచే ఎక్కుతాయి.

ఇక్కడే ఇంకో విషయం గమనించాలి. ఆస్ట్రియాలో 54 శాతం, మన దగ్గర 8.6 శాతం అంటే వాళ్ళ పిల్లల పాదాలు అంత పాడయ్యాయని కాదు. వయసులు వేరు, కొలిచిన పద్ధతి వేరు. ఎంత దిగితే చదును అనాలో ప్రపంచంలో అందరూ ఒప్పుకున్న గీత ఒకటి లేదు, అందుకే వార్తల్లో ఒక్కోసారి ఒక్కో శాతం కనిపిస్తుంది.

పిల్లల్లో ఎప్పుడు చూపించాలి

పాదం బిగుసుకుని ఉంటే. ఆడుకుని వచ్చాక రోజూ ఒకే చోట నొప్పి అంటుంటే. ఒక కాలు ఒక రకంగా, ఇంకోటి ఇంకో రకంగా ఉంటే. 8 నుంచి 16 ఏళ్ళ మధ్య పిల్లాడికి మాటిమాటికీ చీలమండ బెణుకుతూ, ఎగుడుదిగుడు నేల మీద నడవలేకపోతుంటే పాదంలో రెండు ఎముకలు పుట్టుకతోనే అతుక్కుని ఉండొచ్చు, టార్సల్ కొయెలిషన్ అంటారు, ఎక్స్‌రే, సీటీ స్కాన్లో తేలుతుంది. పుట్టిన బిడ్డకి అరికాలు చదును కూడా కాక కిందికి ఉబ్బి పడవ అడుగు లాగా గట్టిగా ఉంటే అది వర్టికల్ టాలస్, నెలల వయసులోనే వైద్యం మొదలవ్వాలి. ఒళ్ళంతా కీళ్ళు మరీ వదులుగా ఉండి, చేతి బొటనవేలు వెనక్కి వంచితే ముంజేతికి తగిలే పిల్లల్ని కూడా ఒకసారి పిల్లల డాక్టర్‌కి చూపించడం మంచిది. రాత్రిపూట రెండు కాళ్ళూ లాగుతున్నాయని ఏడ్చి, తెల్లారేసరికి గెంతులేసే పిల్లల నొప్పి వేరే, దాన్ని పాదం మీదకి తోసేయకూడదు.

తిరుపతిలో ఎముకలు, కీళ్ళ వైద్యానికే టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రి ఉంది, రుయాలో, స్విమ్స్‌లో కూడా చూపించుకోవచ్చు. ఆపరేషన్ దాకా వెళ్ళే పిల్లలు చాలా తక్కువ.

పోలీస్, ఆర్మీ సెలక్షన్లలో

మన జిల్లాల్లో ఫ్లాట్ ఫుట్ అనే మాట చాలామంది కుర్రోళ్ళు మొదటిసారి వినేది డాక్టర్ దగ్గర కాదు, నోటిఫికేషన్లో. కానిస్టేబుల్ పోస్టులకి, కేంద్ర బలగాలకి నాక్ నీ (మోకాళ్ళు ఒకదానికొకటి తగలడం), ఫ్లాట్ ఫుట్, వెరికోస్ వెయిన్స్ (కాళ్ళల్లో ఉబ్బిన రక్తనాళాలు) ఉండకూడదని ఒకే వాక్యంలో రాసేస్తారు. ఆ వాక్యం చదివి రెండేళ్ళు గ్రౌండ్‌లో పరిగెత్తినోడు తడి అచ్చు చూసుకుని ఆశ వదిలేసుకోవడం జరుగుతుంటుంది. సీడీఎస్, ఎన్డీఏ లాంటి ఆఫీసర్ ఎంట్రీల మెడికల్ గైడ్‌లైన్స్‌లో విషయం ఇంకాస్త విడమరిచి ఉంటుంది, మునివేళ్ళ మీద నిలబడితే వంపు తిరిగి వస్తూ, వేళ్ళ మీద గెంతగలిగి, పరిగెత్తగలిగి, పాదం నొప్పి లేకుండా మెత్తగా కదులుతుంటే తీసుకోవచ్చని, బిగిసిన పాదం అయితే అన్‌ఫిట్ అని. పైన చెప్పిన అర నిమిషం పరీక్షే ఇది.

అసలు ఈ నిబంధనకి పునాది ఎంత గట్టిది అనేది వేరే ప్రశ్న. అమెరికా సైన్యంలో శిక్షణలో ఉన్న 246 మందిని గమనించి 1993లో వేసిన పరిశోధనలో అందరికంటే చదునుగా ఉన్న 20 శాతం మందికే గాయాలు తక్కువ, వంపు ఎక్కువగా ఉన్నవాళ్ళకి ఎక్కువ. ఎత్తు వంపు చూడ్డానికి బాగుంటుంది గానీ గట్టిగా ఉంటుంది, దెబ్బని పీల్చుకోదు. అయినా రూల్ రూలే కాబట్టి, అనుమానం ఉన్నోళ్ళు అప్లై చేయకముందే ఆర్థో డాక్టర్‌కి చూపించి మెత్తటిదా బిగిసిందా తెలుసుకోవడం మేలు. సెలక్షన్ రోజు వేళ్ళు ముడిచి నిలబడి వంపు చూపించే ఉపాయాలు యూట్యూబ్‌లో చాలానే ఉన్నాయి, మెడికల్ బోర్డు డాక్టర్లు కూడా యూట్యూబ్ చూస్తారు.

పెద్దయ్యాక కూలే వంపు

చిన్నప్పటి నుంచి చదునుగానే ఉండి ఏ నొప్పీ లేనివాళ్ళ సంగతి వదిలేయొచ్చు, అది వాళ్ళ పాదం తీరు. మొదటి కాన్పు తర్వాత చెప్పుల సైజు పెరిగిందని ఆడవాళ్ళు అనడం కూడా వట్టి మాట కాదు, గర్భంతో ఉన్నప్పుడు లిగమెంట్లు వదులై వంపు కాస్త దిగి పాదం పొడుగవ్వడం కొలతల్లో తేలింది, అది కూడా మామూలుగా జబ్బు కాదు. జబ్బు అంటే నలభై, యాభై దాకా వంపు ఉండి తర్వాత దిగిపోవడం, అది కూడా ఎక్కువగా ఒక్క కాలికే.

ఇక్కడ పాడయ్యేది టిబియాలిస్ పోస్టీరియర్ టెండన్. అది చీలమండ లోపలి గుబ్బ వెనక మలుపు తిరిగే చోట రాపిడి ఎక్కువ, రక్తం అందేది తక్కువ. వయసు, బరువు, షుగర్, బీపీ, స్టిరాయిడ్ మందులు, ఇవి తోడైతే ఆ తాడు ముందు వాస్తుంది, తర్వాత సాగుతుంది, ఆఖరికి పోగులు పోగులుగా తెగుతుంది. ఆడవాళ్ళలో ఎక్కువ. తాడు వదిలేసిన బరువు లిగమెంట్ల మీద పడుతుంది, కొన్నాళ్ళకి అవీ సాగుతాయి, మడమ బయటికి తిరుగుతుంది, పాదం ముందు భాగం పక్కకి వెళ్ళిపోతుంది. వెనక నుంచి చూస్తే మామూలు కాలికి చిటికెన వేలు, దాని పక్కది కనిపిస్తాయి, ఈ కాలికి మూడు నాలుగు వేళ్ళు కనిపిస్తాయి. 2020లో నిపుణులు దీనికి కొత్త పేరు పెట్టారు, ప్రోగ్రెసివ్ కొలాప్సింగ్ ఫుట్ డిఫార్మిటీ, అంటే అంతకంతకూ కూలిపోయే పాదం. పేరులోనే విషయం ఉంది, ఇది దానంతటది ఒక చోట ఆగే రకం కాదు.

మన ఊళ్ళో దీన్ని ముందుగా బయటపెట్టేది అలిపిరి దారి. ముందు పాదం మెట్టు మీద మోపి ఒంటిని పైకి లేపడం అంటే ఒంటికాలి మునివేళ్ళ మీద లేవడం లాంటిదే, కొండకి 3550 మెట్లు, అంటే ఆ పని అన్నిసార్లు రెండు కాళ్ళు పంచుకుంటాయి. నొప్పి లేని మెత్తటి చదును పాదమున్న కుర్రోడు గాలిగోపురం దాకా పరిగెత్తుకుంటూ ఎక్కుతాడు. టెండన్ దెబ్బతిన్నవాళ్ళకి మాత్రం నాలుగు మెట్లకే చీలమండ లోపలి వైపు నొప్పి, మర్నాడు వాపు. మోకాళ్ళ పర్వతం దగ్గర అందరికీ మోకాళ్ళే గుర్తొస్తాయి కాబట్టి ఆ నొప్పిని కూడా మోకాళ్ళ ఖాతాలోనో వయసు ఖాతాలోనో వేసేస్తారు.

ఇంట్లో చూసుకోవాలంటే గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి మడమ లేపాలి. బాగున్న కాలితో లేచి, అనుమానమున్న కాలితో ఒక్కసారి కూడా లేవలేకపోతే, లేక లేచినా చీలమండ లోపల సూదితో గుచ్చినట్టు ఉంటే ఆలస్యం చేయకూడదు. వాపు దశలో పట్టుకుంటే కొన్ని వారాలు కాలికి విశ్రాంతి, బూటు లేదా బ్రేస్, తర్వాత ఫిజియోథెరపీ, ఇన్సోల్, వీటితో చాలామందికి ఆగుతుంది. పిల్లలకి వృథా అన్న అదే ఇన్సోల్ ఇక్కడ పనికొస్తుంది, ఎందుకంటే ఇక్కడ నిజంగా ఒక తాడు బరువు మోయలేకపోతోంది, దానికి ఆసరా కావాలి. పాదం ఇంకా కదులుతున్న దశలో అయితే పక్క టెండన్‌ని తెచ్చి అతికించి, మడమ ఎముకని కోసి జరిపే ఆపరేషన్లున్నాయి. పూర్తిగా బిగుసుకుపోయాక మిగిలేది కీళ్ళని అతికించేయడమే, నొప్పి పోతుంది, పాదం కదలిక కూడా పోతుంది.

మోకాళ్ళ నొప్పికి రాసే నొప్పి మాత్రలు మెడికల్ షాపులో తెచ్చుకుని నెలల తరబడి మింగుతూ నడవడం ఇందులో అన్నిటికంటే పాడు పద్ధతి. నొప్పి తెలియదు కాబట్టి నడక ఆగదు, నడిచే కొద్దీ టెండన్ సాగుతుంది, పైగా కిడ్నీలకి దెబ్బ.

షుగర్ ఉన్నవాళ్ళ పాదం

అన్నిటికంటే తక్కువ తెలిసినదీ, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. చాలా ఏళ్ళుగా షుగర్ ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళకి చిన్న బెణుకో, ఎక్కువ నడకో ఎముకల్లో సన్న పగుళ్ళు తెస్తుంది, నొప్పి తెలియదు కాబట్టి అదే కాలి మీద నడుస్తూనే ఉంటారు. పాదం ఎర్రబడి, వాచి, వేడెక్కుతుంది, లోపల ఎముకలు ముక్కలై జారి వంపు కూలిపోతుంది, కొన్నాళ్ళకి అరికాలి మధ్యలో కిందికి ఎముక పొడుచుకొచ్చి అక్కడ పుండు పడుతుంది. షార్కో ఫుట్ అంటారు దీన్ని. చాలాసార్లు ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్స్‌తో, లేదంటే యూరిక్ యాసిడ్ అనుకుని ఇంకో మందుతో వారాలు గడిచిపోతాయి, మొదట్లో ఎక్స్‌రే కూడా మామూలుగానే ఉండొచ్చు. వైద్యం మాత్రం కాలి మీద బరువు పడనీయకుండా ప్రత్యేకమైన కట్టు వేసి నెలల పాటు ఉంచడం, ఎంత త్వరగా వేస్తే పాదం ఆకారం అంత మిగులుతుంది.

మొక్కు ఉందని షుగర్ ఉన్నవాళ్ళు ఉత్త కాళ్ళతో కొండెక్కడం తిరుపతిలో రోజూ కనిపించే దృశ్యం. ఎండ వేళ మాడ వీధుల్లో నేల కాలుతుందని తెల్ల పెయింటు వేస్తారు, కార్పెట్లు పరుస్తారు, నీళ్ళు చల్లుతారు, కానీ స్పర్శ లేని అరికాలికి చల్లదనం తెలియదు, కాలినదీ తెలియదు. బొబ్బ సాయంత్రం గదిలో కాళ్ళు కడుక్కునేటప్పుడు కనపడుతుంది, అది కూడా చూసుకుంటేనే. నడక మొక్కు ఉన్నవాళ్ళు ముందే డాక్టర్ దగ్గర సన్నటి నైలాన్ దారం లాంటి మోనోఫిలమెంట్‌తో స్పర్శ పరీక్ష చేయించుకోవాలి, రెండు నిమిషాల పని. స్పర్శ తగ్గిందని తేలితే ఉత్త కాళ్ళ నడక మానేయాల్సిందే.

దిగి వచ్చిన రోజూ, ఆ తర్వాత వారం పాటు రోజూ, అరచేతి వెనక భాగంతో రెండు పాదాలూ తాకి చూడాలి. ఒకటి చల్లగా, ఇంకోటి వేడిగా ఉండి వాచిందంటే నొప్పి లేకపోయినా ఆ కాలు కింద పెట్టకుండా ఆటో ఎక్కి ఆసుపత్రికి పోవాలి, తెల్లారేదాకా ఆగకుండా.